ఆశీర్వదించబడ్డామా, చల్లగా ఉన్నామా?

సందేహం: ఏటా డిసెంబరు చివర్లో ఇంటి విశేషాలన్నీ కలిపి బంధువులకు ఒక ఉత్తరం రాయడం మాకు అలవాటు. ఈసారి ఇలా మొదలుపెట్టాను: ‘ఈ సంవత్సరం మా కుటుంబం ఎన్నో మైలురాళ్లను సాధించింది. పాప మొదటి పుట్టినరోజు జరుపుకుంది. మా మరిది ఉద్యోగంలో చేరాడు. మామగారి ఆపరేషన్ విజయవంతమైంది. మేము ఎంతగానో ఆశీర్వదించబడ్డాం. మా ఆశీర్వాదాలను లెక్కించుకుంటున్నాం.’ ఇది చదివి మా పెదనాన్నగారు ‘అక్షరాలు తెలుగువే గానీ మాట తెలుగు కాదమ్మా’ అన్నారు. తప్పు ఎక్కడుంది? ఇంకో చిన్న సందేహం. ఆశీర్వదించు, ఆశీర్వాదించు – వీటిలో ఏది ఒప్పు? ఆశీస్సులా, ఆశిస్సులా?

సమాధానం: మీ పెదనాన్నగారు సరిగ్గానే పట్టుకున్నారు. అలాగని మీరు రాసిందంతా తప్పు కాదు.

ముందుగా మైలురాయి. ఈ మాటను నేను కాదనను. బాట పక్కన దూరం చెప్పే రాయి అది. మన దేశంలో 1956 చట్టంతో మెట్రిక్ కొలతలు వచ్చి, రోడ్ల మీద మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చినా, మాటలో మాత్రం మైలు మిగిలిపోయింది. ఆమడ అంటే ఎంతో చెప్పలేనివారు కూడా ‘ఆమడ దూరంలో ఉంటాను’ అంటారు కదా, ఇదీ అంతే. అయితే రాయిని చేరుకుంటాం, దాటుతాం. సాధించం. పైగా ఒక సంస్థకు యాభై ఏళ్లు నిండితే మైలురాయి అనడం నప్పుతుంది గానీ, పసిపిల్ల తొలి అడుగుకు ఆ రాయి బరువు ఎక్కువ.

ఇంటి సంగతులు చెప్పేటప్పుడు తెలుగు పెద్ద పెద్ద నామవాచకాలను అడగదు. క్రియలతోనే పని జరిగిపోతుంది. పాప సంగతే చూడండి: బోర్లా పడింది, దోగాడింది, పట్టుకుని నిలబడింది, తప్పటడుగులు వేసింది, ముద్దుమాటలు మొదలుపెట్టింది. ఒక్కో క్రియ వింటుంటే పిల్ల ఎన్ని నెలలదో కళ్లకు కడుతుంది. ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. పసిపిల్లలు తడబడుతూ వేసేవి తప్పటడుగులు. పెద్దలు పొరపాటున వేసేది తప్పుటడుగు. ఒక్క ఉకారంతో ముద్దు కాస్తా తప్పు అయిపోతుంది. చాలామంది రెండింటినీ కలిపేస్తున్నారు, ఆ తేడా పోగొట్టుకోకూడదు.

మీ మరిది ఉద్యోగంలో చేరాడని రాశారు. అది చక్కని తెలుగే. ఇంకొంచెం చెప్పాలనుకుంటే ‘తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు’ అనవచ్చు. ‘చేతికి అందివచ్చాడు’ అని కూడా అంటాం గానీ, ఆ మాట కన్నవాళ్ల నోట వింటేనే అందం. మీ మామగారు అంటే బాగుంటుంది, మీరు అంటే అంతగా అమరదు. ఇక ‘ఆపరేషన్ విజయవంతమైంది’ అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. ఇంట్లోవాళ్లు చెప్పేది వేరు: గండం గడిచింది, గట్టెక్కాం, కోలుకున్నారు, లేచి తిరుగుతున్నారు. ఉత్తరం అందుకున్న బంధువులకు కావలసింది కూడా ఆ కబురే.

మొదటి పుట్టినరోజు అనడం ఇప్పుడు వాడుకలో స్థిరపడింది, తప్పనలేం. కాకపోతే వయసు లెక్క దగ్గర ఉత్తరాల్లో తరచు గందరగోళం వస్తుంది. ఏడాది నిండిన పాపకు ఆ రోజు నుంచి నడిచేది రెండో ఏడు. కాబట్టి ‘పాపకు ఏడాది నిండింది’, ‘రెండో ఏడు వచ్చింది’ – ఈ రెండూ ఒకే రోజున నిజమే. నిండడం అయిపోయిన కాలానికి, రావడం మొదలైన కాలానికి. ‘రెండో ఏట’ అన్నప్పుడు డ-కారం ట-కారం కావడం చూసి కొందరు వెనకాడతారు. అనుమానం అక్కర్లేదు. ఇల్లు–ఇంటి, నోరు–నోటి అయినట్టే సంవత్సరమనే అర్థంలో ఏడు–ఏటి అవుతుంది. ఇలా వచ్చి చేరే ‘టి’ వంటి వర్ణాలను వ్యాకరణంలో ఔపవిభక్తికాలు అంటారు. అంకె ఏడుకు ఈ మార్పు రాదు. అందుకే ‘ఏటికేడు’ అంటే సంవత్సరాల మాటేనని వెంటనే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఆశీః అంటే మేలు కోరడం, వాదం అంటే పలకడం. ఈ రెండూ కలిసి ఆశీర్వాదం. అంటే అది ఒకరి నోటి నుంచి మరొకరి కోసం వెలువడే మాట. ఆ మాట ఫలించి మనకు దక్కిన మేలుకు తెలుగు వాడుకలో వేరే పేర్లున్నాయి: భాగ్యం, వరం, అదృష్టం, దేవుడి దయ. ఇంగ్లీషులో మాటకూ ఫలితానికీ ‘బ్లెస్సింగ్’ అనే ఒకే పదం ఉండటంతో మీ వాక్యం అటు జారింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. తెలుగు క్రైస్తవుల వాడుకలో ఆశీర్వాదం, దీవెన అనేవి దేవుడి వల్ల పొందిన మేలుకు కూడా ఎంతోకాలంగా చెల్లుతున్నాయి. వారి ప్రార్థనల్లో, ఉత్తరాల్లో అవి సహజమైన తెలుగే. వాటిని అనువాదపు మాటలని పక్కన పెట్టడం అన్యాయం.

‘ఆశీర్వదించబడ్డాం’ మాత్రం మార్చుకోండి. ‘బడు’ చేర్చి చెప్పడం పుస్తకాల్లో ఉంది గానీ, ఇంట్లో ఎవరం అలా మాట్లాడం. దీవించినవారు ఎవరో తెలిసినప్పుడు వారినే వాక్యంలో ముందు నిలపాలి: ‘పెద్దలు దీవించారు’, ‘దేవుడు చల్లగా చూశాడు’. ‘లెక్కించుకుంటున్నాం’ కూడా అతకలేదు. వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేది బాకీలను, మిగిలిన రోజులను. మేలును మనం తలచుకుంటాం, నలుగురికీ చెప్పుకుంటాం.

పైన ‘చల్లగా’ అన్నాను. ఈ ఒక్క మాట కోసమే మీకు ఇంత పెద్ద జవాబు రాయాలనిపించింది. తెలుగులో సుఖం చల్లగా ఉంటుంది. దీవించేటప్పుడు ‘చల్లగా ఉండు’, ‘చల్లగా వర్ధిల్లు’ అంటాం. మేలు చేసిన తల్లిని ‘నీ కడుపు చల్లగా ఉండాలి’ అంటాం. శుభవార్త చల్లని కబురు, దయ చల్లని చూపు. దీనికి ఎదురుగా దుఃఖం, కోపం, అసూయ అన్నీ వేడి మీద ఉంటాయి: కడుపుమంట, ఒళ్లు మండటం, గుండె రగలడం. ఎండలు కాసే నేల మీద పెరిగిన భాషకు నీడకన్నా పెద్ద వరం ఏముంటుందని నాకనిపిస్తుంది. ఈ వరుసలోదే చలవ. ‘అంతా మీ చలవ’ అన్నామంటే, మీ నీడ పడటం వల్లే మేం బాగున్నామని చెప్పడం. చేసినవారి పేరు, పొందిన మేలు, మన కృతజ్ఞత మూడూ ఆ మూడు మాటల్లో ఇమిడిపోతాయి. మీరు వెతుకుతున్న మాట ఇదేనని నా నమ్మకం.

రెండో సందేహం తేలికైనదే. అనువాదం నుంచి అనువదించు వచ్చినట్టే ఆశీర్వాదం నుంచి ఆశీర్వదించు. ఆశీర్వాదించు వద్దు. వాదించు అనే క్రియ వేరుగా ఉండటం వల్ల చెవికి ఆ దీర్ఘం అలవాటై ఈ పొరపాటు వస్తోంది. ఇక ఆశీస్సు అనేదే వాడుకలో స్థిరపడిన రూపం. ‘శీ’కి దీర్ఘం ఉండాలి, కాబట్టి ఆశీస్సులే రాయండి.

మీ ఉత్తరాన్ని నేనైతే ఇలా మొదలుపెడతాను: ‘ఈ ఏడు మా ఇల్లు చల్లగా ఉంది. పాపకు ఏడాది నిండింది. గోడ పట్టుకుని తప్పటడుగులు వేస్తోంది. మా మరిది ఉద్యోగంలో చేరి తన కాళ్ల మీద తాను నిలబడ్డాడు. మామగారికి ఆపరేషన్ అయింది. గండం గడిచి, ఇప్పుడు లేచి తిరుగుతున్నారు. అంతా దేవుడి దయ, మీ అందరి చలవ.’

ఉత్తరం మామగారు కూడా చదువుతారు కాబట్టి గండం అన్న మాట వద్దనిపిస్తే, ‘కోలుకుని లేచి తిరుగుతున్నారు’ అని రాయండి.