మంచు చూడని ఊరి నుంచి రాసే అమ్మాయికి

నర్సాపురం

అమ్మా,

నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. ఐసు మీద బ్లేడు స్కేట్లతో పందెం పరిగెత్తే ఆట, మహిళల స్పీడ్ స్కేటింగ్ 2021-22 సీజన్ గురించి తెలుగులో ఇంత శ్రద్ధగా రాయాలని ఒకమ్మాయి కూర్చోవడమే నాకు చాలా సంతోషం. అమలాపురంలో ఉండి పోలండ్‌లోనూ నార్వేలోనూ జరిగిన పోటీల గురించి రాసే అర్హత నాకుందా అని ఉత్తరం చివర అడిగావు. ఆ బెంగ పెట్టుకోకు. మీ ఊరి సాత్విక్ సాయిరాజ్ ఆట గురించి అమలాపురం ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా రాస్తున్నారు కదా. రేసులు దొరికినంతవరకు చూడు, టైమింగులు నీ చేత్తో లెక్కకట్టుకో. అర్హత సంగతి చదివేవాళ్లు చూసుకుంటారు.

ఇక అసలు విషయం. నువ్వు రాసింది సీజన్ కాదు, బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్ పతకాల పట్టిక. నవంబరు 12న పోలండ్‌లోని తొమాషుఫ్ మజోవియెత్స్కీలో వరల్డ్ కప్ మొదలైంది. మనకి అప్పుడు కార్తీకమాసం. తర్వాత నార్వేలో స్టావాంగర్, డిసెంబరులో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ, కెనడాలో కాల్గరీ. మార్చిలో శివరాత్రి వెళ్లిన వారంలోనే నార్వేలోని హామార్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్, ఆ తర్వాత నెదర్లాండ్స్‌లోని హీరెన్‌వీన్‌లో వరల్డ్ కప్ ఫైనల్. మన దగ్గర దాళ్వా నారుమడి నుంచి వెన్ను తీసేదాకా సాగిన కథ ఇది. ఇందులో ఒలింపిక్స్ రెండు వారాలు. నువ్వేమో మూడొంతుల వ్యాసం దానికే ఇచ్చేశావు.

అమెరికా స్కేటర్ ఎరిన్ జాక్సన్ సంగతే చూడు. "500 మీటర్లలో 37.04 సెకన్లతో స్వర్ణం గెలిచింది" అని ఒక్క వాక్యంతో వదిలేశావు. ఆమె చక్రాలుండే ఇన్‌లైన్ స్కేట్స్ మీద పెరిగిన మనిషి, ఐసు మీదకి ఆలస్యంగా వచ్చింది. ఆ నవంబరులో పోలండ్‌లోనే వరల్డ్ కప్ రేసు గెలిచింది. స్పీడ్ స్కేటింగ్ వరల్డ్ కప్‌లో ఒక నల్లజాతి మహిళ గెలవడం అదే మొదటిసారి. సరిగ్గా సంక్రాంతికి వారం ముందు, మిల్వాకీలో అమెరికా జట్టు సెలెక్షన్ రేసులో కాలు జారి మూడో స్థానంలో పడిపోయింది. టికెట్లు రెండే. సీజనంతా ముందున్న మనిషి ఒక్క తప్పటడుగుతో ఇంట్లో కూర్చోవాలన్నమాట. ఆ రేసు గెలిచిన బ్రిటనీ బో తన స్థానం వదులుకుని జాక్సన్‌కి ఇచ్చింది. తర్వాత వేరే దేశాలు వాడుకోని కోటా కలిసొచ్చి బో కూడా 500 పరిగెత్తగలిగింది గానీ, ఇచ్చిన రోజున ఆ సంగతి ఆమెకి తెలియదు. ఫిబ్రవరి 13న, మన అంతర్వేదిలో కల్యాణోత్సవాలు జరుగుతున్న రోజుల్లోనే, జాక్సన్ బీజింగ్‌లో గెలిచింది. శీతాకాల ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచిన మొదటి నల్లజాతి మహిళ ఆమె. బో తన 1000 మీటర్లలో కాంస్యం తెచ్చుకుంది. నవంబరు తెలియకపోతే జనవరిలో బో అలా ఎందుకు చేసిందో పాఠకుడికి అర్థం కాదు. జాలిపడి ఇచ్చిందనుకుంటాడు. జాక్సన్ ఆ దూరానికి అందరికన్నా సరైన మనిషని సీజన్ చెప్పింది కాబట్టి ఇచ్చింది. ఈ తేడా నీ పేరాలో రావాలి.

టైమింగుల దగ్గర ఇంకో పొరపాటు దొర్లింది. 1500 మీటర్లలో ప్రపంచ రికార్డు 1:49.83 అని, బీజింగ్ స్వర్ణం 1:53.28 అని పక్కపక్కనే పెట్టి, "ఒత్తిడికి స్కేటర్లు నెమ్మదించారు" అని రాశావు. అలా కాదమ్మా. ఆ రికార్డు జపాన్ స్కేటర్ మిహో తకాగి 2019 మార్చిలో సాల్ట్ లేక్ సిటీలో పెట్టింది. ఆ ఊరు సముద్రమట్టానికి 1,400 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది. అక్కడ గాలి పల్చన. ఈ ఆటలో మనిషి బలాన్ని ఎక్కువగా తినేసేది గాలే. అందుకే స్కేటర్లు నడుం వంచి, చేతులు వీపు మీద కట్టుకుని, చర్మంలా అతుక్కునే సూట్లు వేసుకుంటారు. గాలి పల్చబడితే అదే బలానికి ఎక్కువ వేగం వస్తుంది. కాల్గరీలోనూ అంతే. బీజింగ్ దాదాపు మన డెల్టాలాంటి పల్లపు చోటు. డచ్ స్కేటర్ ఇరీన్ వూస్ట్ అక్కడ చేసిన 1:53.28 ఒలింపిక్ రికార్డు. దానితో ఆమె వరసగా ఐదు ఒలింపిక్స్‌లో వ్యక్తిగత స్వర్ణం గెలిచినట్టయింది. నువ్వు నెమ్మది అన్న పరుగు అది. ఇకమీదట టైము రాసినప్పుడల్లా ఊరి పేరు కూడా రాయి.

ఊరితో పాటు ఐసు కూడా మారుతుంది. నీ వ్యాసంలో ఐసు గురించి ఉన్నదల్లా "తళతళలాడే మంచు" అన్న మాట. మన పాఠకులకి ఐసు తెలియదనుకోకు. రొయ్యల ట్రేలు నింపే ఊళ్లు మనవి. ఒకసారి భీమవరం వైపో, మా నర్సాపురంలోనో ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లి ఆపరేటర్‌తో మాట్లాడు. ఉప్పునీటి తొట్టిలో డబ్బాలు దింపి దిమ్మ కట్టించే పద్ధతి చూడు. దిమ్మని ఎండలో పెట్టి చూస్తే అంచులు అద్దంలా ఉంటాయి, నడుమ మాత్రం తెల్లగా పాలు పోసినట్టు ఉంటుంది. నీళ్లు బయటి నుంచి లోపలికి గడ్డకడుతూ, తమలో ఉన్న గాలినీ లవణాలనీ నడుమకి నెట్టేస్తాయి. స్కేటింగ్ ఓవల్ (పోటీలు జరిగే కోడిగుడ్డు ఆకారపు ఐసు ట్రాక్) కట్టేవాళ్లు తప్పించుకోవాలని చూసేది ఆ తెలుపునే. శుద్ధిచేసిన నీళ్లని సన్నటి పొరలుగా, ఒకటి గడ్డకట్టాక ఇంకొకటి పరుస్తారు. కింద కాంక్రీటులో పైపులుంటాయి, వాటిలో చల్లటి ద్రవం తిరుగుతూ ఉంటుంది. అంతా కలిపి ఐసు మందం కొన్ని సెంటీమీటర్లే. రేసుల మధ్య మళ్లీ నున్నగా చెయ్యడానికి వేడినీళ్లు పోస్తారు, అవి గీతల్లోకి దిగి బాగా అతుక్కుంటాయి కాబట్టి. ఐసు మరీ చల్లబడితే బ్లేడు జారదు, మెత్తబడితే దిగబడుతుంది. ఆపరేటర్‌కి ఈ సంగతి చెబితే నీకన్నా ముందు ఆయనే ప్రశ్నలు అడుగుతాడు. ఆ ప్రశ్నలన్నీ రాసుకో, నీ పాఠకుడు అడగబోయేవి కూడా అవే.

క్లాప్ స్కేట్ గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు లోటనిపించింది. మడమ దగ్గర బ్లేడు విడిపోయి, కాలు చాచడం పూర్తయ్యేదాకా ఐసుని అంటిపెట్టుకుని, తిరిగి టక్కున మూసుకునే స్కేట్ అది. 1996-97 సీజన్‌లో డచ్ మహిళలు ధైర్యం చేసి దాన్ని పెద్ద పోటీల్లోకి తెచ్చారు, మగవాళ్లు తర్వాత అందుకున్నారు. 1998 నగానో ఒలింపిక్స్ నాటికి పాత స్కేటు పని అయిపోయింది. రెండు వాక్యాలు చాలు దీనికి, కానీ ఉండాలి.

తకాగి అక్కాచెల్లెళ్ల పేరా చదువుతుంటే కళ్లు చెమర్చాయి, అయినా దాన్ని మార్చమనే అంటాను. ఫిబ్రవరి 15న టీమ్ పర్స్యూట్ ఫైనల్. ముగ్గురు ఒకరి వెనక ఒకరు, ముందున్నావిడ గాలిని చీలుస్తుంటే వెనకవాళ్లు ఆ చాటున వస్తారు. మూడో మనిషి గీత దాటితేనే జట్టు టైము. ఆఖరి మలుపులో, జపాన్ ముందంజలో ఉండగా, చివరనున్న అక్క నానా పడిపోయింది. స్వర్ణం కెనడాకి వెళ్లింది. నువ్వు దీన్ని "విధి వక్రించింది", "గుండెలు పగిలేలా రోదించింది" అని నింపేశావు. ఆ మాటలు తీసేసి, మూడో స్కేటర్ దాటితేనే లెక్క అన్న నియమాన్ని ముందే, రేసు మొదలవకముందే చెప్పు. తర్వాత పడిపోయింది అని మామూలుగా రాయి. చదివేవాళ్లకి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టు అవుతుంది. రెండు రోజులకి చెల్లెలు మిహో 1000 మీటర్లు 1:13.19లో ఒలింపిక్ రికార్డుతో గెలిచింది. దాని పక్కన "అక్క కోసం గెలిచింది" అని చేర్చావు. ఆమె అలా అన్నట్టు నీ దగ్గర ఆధారం ఉందా? లేకపోతే రెండు తేదీలూ చాలు.

ఇంకొకటి కాస్త గట్టిగానే చెబుతున్నాను, ఏమీ అనుకోకు. "మంచు మీద మయూరి", "చూడచక్కని చిన్నది", "పసిడి కాంత". మగవాళ్ల రేసు గురించి ఇలా రాస్తావా? మన క్రీడా పేజీలు ఏళ్ల తరబడి నేర్పిన భాష ఇది, నీ తప్పు కాదు. కానీ నీ తరంలోనైనా ఇది పోవాలి. ఆమె తొడల బలం, మలుపులో ఎడమవైపు వాలిన కోణం, ఇద్దరేసి పరిగెత్తే రేసులో లేన్ మారేచోట ఎదుటి మనిషితో పడే తకరారు, వీటి గురించి రాయి. బయటి లేన్ నుంచి లోపలికి వచ్చేవాళ్లకే దారి ఇవ్వాలన్న నియమం చెప్తే, ఆ కొద్దిపాటి దూరంలో ఎంత టెన్షన్ ఉందో ఎవరికైనా తెలుస్తుంది.

హామార్‌ని ఒక్క లైన్లో తేల్చేశావు. నన్నడిగితే సీజన్ మొత్తంలో రాయడానికి అంత బాగా పండిన చోటు ఇంకొకటి లేదు. ఆల్‌రౌండ్‌లో ఆడవాళ్లు 500, 3000, 1500, 5000 నాలుగూ పరిగెత్తాలి. ప్రతి టైమునీ 500 మీటర్ల లెక్కకి తెస్తారు: 1500 సెకన్లని మూడుతో, 3000వి ఆరుతో, 5000వి పదితో భాగిస్తారు. నాలుగూ కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లు చాంపియన్. కాగితం మీద పెట్టి చూడు. 500లో ఒక్క సెకను పోగొట్టుకుంటే దాన్ని 5000లో పది సెకన్లుగా తిరిగి రాబట్టాలి. డచ్ స్కేటర్ ఇరేనె స్కౌటెన్ దూరాల మనిషి, బీజింగ్‌లో 3000, 5000, అందరూ ఒకేసారి బయల్దేరే మాస్ స్టార్ట్ మూడూ గెలిచి అలసిపోయి వచ్చింది. ఆమెకి 500 అంటే గెలవాల్సిన రేసు కాదు, ఎంత తక్కువ నష్టంతో బయటపడాలా అన్న రేసు. అలా నెట్టుకొచ్చి టైటిల్ గెలిచింది. ఆ నాలుగు రేసుల ఫలితాల షీట్లు తీసుకుని ముందున్న ముగ్గురి టైములూ ఒక నోట్‌బుక్కులో నిలువుగా రాసుకో. ప్రతి రేసు తర్వాత ఎవరు ఎవరికి ఎన్ని సెకన్లు బాకీ ఉన్నారో పక్కన వేసుకో. నీ పేరా ఆ పేజీలోంచే పుడుతుంది.

హామార్ భాగం, జాక్సన్ భాగం తిరగరాసి, ఆ లెక్కల పేజీ ఫొటో కూడా తీసి పంపు. సంపాదకులు నిడివి ఎక్కువైంది అంటారు, అది ఖాయం. అప్పుడు ముందు పతకాల పట్టిక తీసెయ్యి, తర్వాత ప్రారంభోత్సవం గురించి రాసిన రెండు పేరాలూ తీసెయ్యి. ఇంకా తగ్గించమంటే నాకు ఫోన్ చెయ్యి, ఆయనతో నేను మాట్లాడతాను. హామార్ జోలికి మాత్రం ఎవర్నీ రానివ్వకు.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్నగారి స్నేహితుడు