బెట్టుడుతను చూడాలంటే ముందు పులిని మరచిపోండి

మీరు హైదరాబాద్ నుంచి ఇద్దరు పిల్లలతో రెండు రోజులకు వస్తామన్నారు. నల్లమలలో బెట్టుడుత, అంటే చెట్ల మీదే బతికే పెద్ద ఉడుత, ఎక్కడ కనిపిస్తుంది, ఏ నెలలో రావాలి, సఫారీ జీపు ఎక్కితే తప్పకుండా కనిపిస్తుందా అని అడిగారు. చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. కనిపించదు. జీపు పరుగెడుతుంది, ఎక్కినవాళ్లంతా పులి అడుగుల కోసం నేల వెతుకుతుంటారు. బెట్టుడుత మాత్రం నలభై అడుగుల పైన కొమ్మకు అతుక్కుపోయి, ఈ గోల ఎప్పుడు వదులుతుందా అని చూస్తుంటుంది.

మాది మార్కాపురం. ఇరవై రెండేళ్లు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. దోర్నాల మీదుగా శ్రీశైలం ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. క్షీరదాల పాఠం వచ్చినప్పుడల్లా 'మన నల్లమలలో పెద్ద ఉడుత ఉంటుంది పిల్లలూ' అని గొప్పగా చెప్పడమే తప్ప దాన్ని కళ్లారా చూసిన పాపాన పోలేదు. చివరికి నాకు చూపించింది ఎవరో తెలుసా? మా అత్తయ్య. ఆవిడకు అప్పటికి డెబ్బై నాలుగేళ్లు, రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది.

2019 ఫిబ్రవరి చివర్లో, శివరాత్రి రద్దీ ముదరక ముందే దర్శనం చేసుకుని వచ్చేద్దామని అద్దె కారులో బయలుదేరాం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా ఆ అడవి దారి మూసి ఉంచుతారు కాబట్టి, గేటు తీసే వేళకే దోర్నాల దగ్గర వరుసలో ఉన్నాం. చిన్నారుట్ల దాటి కొంత దూరం పోయామో లేదో వెనక టైరు కూర్చుంది. స్టెప్నీ దింపి చూస్తే అందులోనూ గాలి లేదు. 'నిన్ననే చూశానండీ' అంటాడు డ్రైవరు. ఆ నిన్న ఏ సంవత్సరంలోదో మల్లన్నకే తెలియాలి. చివరికి ఎదురుగా వచ్చిన ఒక వ్యానును ఆపి, రెండు చక్రాలూ అందులో వేసుకుని దోర్నాల వెళ్లిపోయాడు. అడవి మధ్యలో మేము ముగ్గురం, మూడు చక్రాల కారు మిగిలాం.

అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు. కారులో కాళ్లు చాపుకునే వీలు లేదు. పక్కనే కల్వర్టు గట్టు కాస్త వెడల్పుగా ఉంటే దుప్పటి పరిచాను. ఆవిడ వెల్లకిలా పడుకున్నారు. మా ఆయన ఫోనులో సిగ్నల్ కోసం చెయ్యి పైకెత్తి తిరుగుతున్నారు. నేను డ్రైవరును తిట్టుకుంటూ కూర్చున్నాను. ఓ పది నిమిషాలయ్యాక అత్తయ్య నింపాదిగా అన్నారు:

"అమ్మాయ్, పైన కోతి తోక వేలాడుతోంది. కోతి మాత్రం లేదు."

"కళ్లజోడు పెట్టుకోండి అత్తయ్యా."

"పెట్టుకునే చెబుతున్నాను."

ఇంతలో దుప్పటి మీద ఏదో రాలింది. చూస్తే మద్దికాయ రెక్క. దాని వెనక మరొకటి. నల్లమద్ది కాయకు ఐదు రెక్కలుంటాయి కదా, వాటిని ఎవరో తీరిగ్గా ఒలిచి కింద పారేస్తున్నట్టు టపటపమని పడుతున్నాయి. తల ఎత్తాను. నల్లటి కుచ్చు తోక ఒకటి కొమ్మకు ఇవతల నిట్టనిలువునా వేలాడుతోంది. దాని సొంతదారు కొమ్మకు అవతల ఉంది. వెనక కాళ్లతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వంగి, ముందు కాళ్లు రెండింటితో కాయను తిప్పుతూ కొరుకుతోంది. వీపు పండిన కుంకుడుకాయ రంగు, భుజాలు నలుపు, పొట్ట లేత గోధుమ రంగు, రెండు చెవుల నడుమ తెల్లటి మచ్చ. ఒళ్లు మూరకు కాస్త తక్కువ, తోక మూరకు బాగా ఎక్కువ. పెద్దది రెండు కిలోల దాకా తూగుతుందని పాఠం చెప్పినదాన్నే, అయినా చూశాక నోరు తెరిచాను. మన పెరట్లో తిరిగే చారల ఉడుతను మనసులో పెట్టుకుని వెతికితే ఇది కనిపించినా గుర్తుపట్టలేరు. మా ఆయన అయితే కొండముచ్చు పిల్ల అని తేల్చేశారు.

సరిగ్గా అప్పుడే ఓ జీపు వచ్చింది, నిండా కెమెరాలు, టోపీలు. అత్తయ్య పడుకున్న చోటు నుంచే చెయ్యి పైకి చూపించి 'అదిగో, అదిగో' అన్నారు. జీపులోవాళ్లు నవ్వుతూ ఆవిడకు చేతులూపి వెళ్లిపోయారు! దీవిస్తున్నదనుకున్నారో ఏమో. ఆ జీపులో ఒక్కడైనా తల ఎత్తి ఉంటే ఈ జవాబు ఇంత పొడుగు రాయవలసిన పని ఉండేది కాదు.

కాసేపటికి ఎక్కడో పైన గద్ద అరిచింది. బెట్టుడుత కాయ వదిలేసి కొమ్మ మీద బల్లిలా పరుచుకుపోయింది. అంతే, మరి కదల్లేదు. కళ్లు తిప్పి మళ్లీ చూస్తే ఎక్కడుందో నాకే దొరకలేదు. కొమ్మ మీద బుడిపెలా కలిసిపోయింది. దాదాపు పావుగంట అలాగే ఉంది. 'ఎక్కడా కనిపించలేదండీ' అనేవాళ్లలో సగం మంది దాన్ని చూసే ఉంటారు, బుడిపె అనుకుని ఉంటారు.

ఆ పావుగంటలోనే అటవీశాఖ వాచరు ఒకాయన మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆ పక్క గూడేనికి చెందిన చెంచు మనిషి, నలభై దాటి ఉంటాయి. ముందు గట్టిగా కోప్పడ్డాడు. 'పులి తిరిగే చోటమ్మా, అవ్వను లేపి కారు పక్కకు తీసుకురండి' అన్నాడు. ఎందుకు ఆగామో చెప్పాక మెత్తబడి, మేము ఏం చూస్తున్నామో చూసి నవ్వాడు. నాలుగు చెట్ల అవతల, చిటారు కొమ్మల చీలికలో పుల్లలూ ఆకులూ కలిపి చుట్టిన బంతి లాంటి గూడు చూపించాడు. ఇంకాస్త దూరంలో మరొకటి. 'ఒక్కదానికే నాలుగైదు ఇళ్లమ్మా. ఎక్కడ పొద్దుపోతే అక్కడ' అన్నాడు. మాకు ఒక్క ఇంటి అప్పే ఇంకా తీరలేదు.

ఆయన చెప్పిన మాటలే మీ ప్రశ్నకు అసలు జవాబు. బెట్టుడుత నేలకు దిగడం చాలా అరుదు. కాబట్టి ఒక చెట్టు కొమ్మ పక్క చెట్టు కొమ్మను తాకే చోటే దాని ఊరు. ఎక్కడ పెద్ద చెట్లు గొడుగుల్లా కలిసిపోయి ఉంటాయో అక్కడ వెతకాలి. నల్లమలలో అలాంటివి ఎక్కువగా వాగుల వెంట ఉంటాయి. రాతి గుట్టల మీద, పొదల మధ్య వెతకడం దండుగ. చిన్న ఖాళీ అయితే అది దూకేస్తుంది. ఆ రోజు గద్ద భయం తీరాక రోడ్డుకు అటునుంచి ఇటు దూకడం చూశాను, ఇరవై అడుగులకు తక్కువ ఉండదు. కొమ్మ ఒంగి, మళ్లీ లేచి, ఆకులు ఇంకా ఊగుతుండగానే అది మూడో చెట్టు మీద ఉంది. రోడ్లు వెడల్పు చేయమని అర్జీలు పెట్టేవాళ్లకు ఆ దూకుడు ఒక్కసారి చూపించాలని నా కోరిక. శ్రీశైలానికి అరగంట ముందు చేరితే స్వామి ఏమైనా రెండు లడ్డూలు ఎక్కువ ఇస్తాడా?

నెలల సంగతి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, నా మాట నమ్మండి. నల్లమల చాలావరకు ఆకురాల్చే అడవి. అప్పుడు కొమ్మలు బోసిపోయి గూళ్లు కింది నుంచే కనిపిస్తాయి. బూరుగు, మోదుగ పూస్తాయి. మర్రి, జువ్వి పండిన చోట దాని కాపురం అక్కడే. వానాకాలంలో అడవి అందంగా ఉంటుంది, నిజమే, కానీ ఆకుల గుబురులో ఏనుగున్నా కనిపించదు. మేము మరుసటి ఏడాది వానల్లో వెళ్లి మెడ నొప్పి తెచ్చుకున్నాం, అంతే. పైగా జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. చిక్కంతా ఏమిటంటే, బెట్టుడుత బాగా కనిపించే రోజులు, శివరాత్రి రోజులు, ఉగాదికి కన్నడ భక్తులు నడిచి వచ్చే రోజులు దాదాపు ఒకటే. నడిచి వచ్చేవాళ్లను నేను తప్పుపట్టను. కారులో పాటలు పెద్దగా పెట్టుకుని హారను కొడుతూ, శ్రీశైల శిఖరం దగ్గర ఆగి కోతులకు బిస్కెట్లు విసిరేవాళ్లనే అంటున్నాను. ప్యాకెట్టు కూడా అక్కడే విసురుతారు. రాముడి పేరు చెప్పి ఉడుతను తలుచుకుంటాం, ఉడుతాభక్తి అని సామెత వాడుకుంటాం, దాని ఇంటికి వెళ్లినప్పుడు మాత్రం ఇదీ వరస.

వేళ అయితే పొద్దున తొమ్మిదిలోపు, సాయంత్రం నాలుగు తర్వాత. మధ్యాహ్నం అది గూటిలోనో కొమ్మ మీదో కునుకు తీస్తుంది. మీరూ తీయండి. ముందు చెవులతో వెతకండి. 'కటకటకట' అని గిలక తిప్పినట్టు గట్టిగా అరుస్తుంది, పిట్ట అనుకుంటారు. తర్వాత నేల చూడండి. కొరికి పారేసిన తొక్కలు పచ్చిగా ఉన్నాయంటే అది మీ నెత్తి మీదే ఉంది.

ఎగిరే ఉడుత సంగతి కూడా ఎవరో అడిగారు. అది వేరే జంతువు, చీకటి పడ్డాక బయటికి వస్తుంది. రాత్రి అడవి దారులు మూసేస్తారు కాబట్టి దాని కోసం తిరగడం కుదరదు. అడవి అంచున ఎక్కడైనా బస చేస్తే పొద్దుగూకాక ఇప్పచెట్ల వైపు ఓ కన్ను వేసి ఉంచండి. టార్చి మాత్రం దాని కళ్లలోకి కొట్టకండి.

శ్రీశైలం ఒక్కటే కాదు. శేషాచలంలో తలకోన ఉంది, గోదావరి వైపు పాపికొండలు, మారేడుమిల్లి అడవులున్నాయి. వీలుంటే పుణె దగ్గర భీమాశంకర్ వెళ్లండి. అదీ శ్రీశైలంలాగే జ్యోతిర్లింగమే. అక్కడ దీన్ని శేకరు అంటారు. 1985లో ఆ అడవిని అభయారణ్యం చేసిందే ముఖ్యంగా దీని కోసం, మహారాష్ట్ర రాష్ట్ర జంతువు కూడా ఇదే. మనం ఆంధ్రప్రదేశ్‌లో కృష్ణజింక, తెలంగాణలో మచ్చల జింక అని ఎంచుకుని జింకల దగ్గరే ఆగిపోయాం. శివుడు ఉన్నచోటే ఇది ఉంటుందని అత్తయ్య సిద్ధాంతం. తలకోనలో కూడా సిద్ధేశ్వరస్వామి గుడి ఉందని చెప్పాక ఆ సిద్ధాంతం ఇక తిరుగులేనిదైపోయింది.

మీరు హైదరాబాద్ నుంచి వస్తున్నారు కాబట్టి మార్కాపురం దాకా రానక్కరలేదు. మన్ననూరులో రాత్రి బస చేసి, ఉదయం గేటు తీయగానే లోపలికి వెళ్లండి. ఫరహాబాద్ సఫారీ ఎక్కితే ఎక్కండి, పిల్లలు సంబరపడతారు. వీలైతే స్థానిక చెంచు గైడును అడగండి. 'పులి వద్దు, బెట్టుడుత గూడు చూపించు చాలు' అని ముందే చెప్పండి, ఆయన ముఖం ఎలా వెలుగుతుందో చూడండి. దారిలో మీ ఇష్టం వచ్చిన చోట కారు ఆపకండి, అది నేరం. మా టైరుకు వచ్చిన అదృష్టం మీరు కావాలని తెచ్చుకోకూడదు. మల్లెల తీర్థం, ఉమామహేశ్వరం లాంటి దిగి నడవనిచ్చే చోట్లలో పొద్దున్నే ఒక పెద్ద చెట్టు చూసుకుని కింద దుప్పటి పరచండి. పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టండి. అరగంట మాట్లాడకుండా ఉంటే ఐస్‌క్రీము అనండి. బైనాక్యులర్ ఒక్కటే తీసుకెళ్లండి, రెండు ఉంటే ఎవరిది బాగుందన్న గొడవతోనే పొద్దు గడిచిపోతుంది.

బయలుదేరే ముందు స్టెప్నీలో గాలి ఉందో లేదో డ్రైవరును అడగకండి. మీరే నొక్కి చూడండి.