ఎనిమిది విజిల్స్ వచ్చినా ఉడకని పెద్దకూర

ప్రశ్న: అక్కా, నాకు పెళ్లయి ఏడు నెలలు. మా పుట్టింట్లో పెద్దకూర ఎప్పుడూ మా నాయనమ్మే వండేది, నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. పోయిన ఆదివారం ఫోన్‌లో ఒక వీడియో చూసి, కేజీ తెచ్చి వండాను. ఆ వీడియోలో ముప్పావు గంటకే ముక్క దూదిలా అయిపోయింది. నేను కుక్కర్‌లో ఎనిమిది విజిల్స్ పెట్టినా సాగుతూనే ఉంది. మా ఆయన ఏమీ అనలేదు కానీ ముక్కలన్నీ కంచంలో ఒక పక్కకు నెట్టి, ఉత్త పులుసుతోనే సంగటి తినేశాడు. మసాలా కూడా ముక్కకు పట్టలేదు. ఎక్కడ తప్పు చేశాను? – ఆదోని నుంచి ఒక చెల్లెలు

జవాబు: నీ తప్పు పెద్దగా లేదు చెల్లీ. ఆ వీడియోలో గిన్నెలో ఉన్న మాంసం వేరు, నీ కుక్కర్‌లో ఉన్నది వేరు. బయటి దేశాల వాళ్లు బీఫ్ అనేది మాంసం కోసమే పెంచిన లేత పశువుది. మన కర్నూలు, ఆదోని అంగళ్లలో దొరికేది ఎక్కువగా ఎనుముదో దున్నదో. ఆంధ్రప్రదేశ్‌లో 1977 నాటి చట్టం ప్రకారం ఆవును, దూడను కోయకూడదు, మిగతా పశువులను కూడా ఇక పాలకు, సేద్యానికి, ఈతకు పనికిరావని సర్టిఫికెట్ ఇచ్చాకే కోయాలి. అంటే ఏళ్ల తరబడి పాలిచ్చో బండి లాగో అలసిపోయిన ముదురు పశువే మన దాకా వస్తుంది. కొవ్వు చూస్తే తెలిసిపోతుంది, ఆవు కొవ్వు కాస్త పసుపుగా, ఎనుము కొవ్వు తెల్లగా ఉంటుంది, పాల రంగుల్లో ఉన్న తేడానే ఇక్కడా.

పశువు ముదిరేకొద్దీ కండల మధ్య ఉండే కొల్లాజెన్ అనే పీచు గట్టిపడుతుంది. నీ పంటికి సాగింది అదే. వేడి, తడి, టైము మూడూ ఉంటేనే అది నిదానంగా కరిగి జెలటిన్‌గా మారుతుంది, పులుసు వేళ్లకు జిగురుగా అంటుకునేది దానివల్లే. అసలు చిక్కు ఏంటంటే, ఈ పీచు కరిగేలోపే కండ ముడుచుకుని లోపలి నీళ్లు బయటికి పిండేస్తుంది కాబట్టి సగం ఉడికిన ముక్క పచ్చిదానికన్నా గట్టిగా ఉంటుంది. చాలామంది సరిగ్గా అక్కడే మూత తీసి, కొరికి చూసి, మాంసం మంచిది కాదని అంగడాయన్ను తిట్టి స్టవ్ కట్టేస్తారు. నువ్వూ ఆ సగం దారిలోనే దిగిపోయావు. మూత పెట్టి ఇంకో అరగంట ఉంచితే మీ ఆయన ముక్కలు కూడా తినేవాడు.

ఇక విజిల్స్ లెక్క మానెయ్. మంట పెద్దదైతే ఎనిమిది విజిల్స్ పావుగంటలో వచ్చేస్తాయి, చిన్నదైతే గంట పడుతుంది. విజిల్ గడియారం కాదు. మొదటిది రాగానే మంట తగ్గించి, అక్కడినుంచి నలభై నిమిషాలు టైము చూసుకో. ఆవిరి దానంతటది దిగాక తీసి, ఒక ముక్కను గరిటెతో నొక్కు. పీచులు విడిపోతే అయినట్టు, లేకపోతే ఇంకో పావుగంట, మరీ ముదురుదైతే ఇంకో పావుగంట.

అంగట్లో ఏం అడగాలో కూడా చెప్తాను, ఎందుకంటే బోన్‌లెస్ అని గొప్పగా అడిగి తొడ కండ తెచ్చుకునేవాళ్లే ఎక్కువ. అందులో కొవ్వూ, కరిగి జిగురయ్యే కొల్లాజెనూ తక్కువ, ఎంత ఉడికించినా ఎండిపోయి పీచుపీచుగా నోట్లో తిరుగుతుంది. కూరకు సీనా అంటే రొమ్ము భాగం, మెడ, కాలి పిక్క మంచివి, రెండు మూడు నల్లి బొక్కలు కూడా వేయమను.

మా ఇంట్లో చేసేది ఇదీ. కేజీ మాంసాన్ని కడిగి నీళ్లు బాగా వాడ్చి, పసుపు, రెండు చెంచాల అల్లం తెల్లగడ్డ ముద్ద, సరిపడా ఉప్పు పట్టించి ఒక గంట పక్కన పెట్టాలి. చెనక్కాయ నూనె ఒక చిన్న గ్లాసుడు. పిసినారితనం చేస్తే ఈ కూర రాదు. అందులో మూడు ఎర్రగడ్డలు ఎర్రగా వేయించి, మాంసం వేసి, అది వదిలిన నీళ్లన్నీ ఇగిరి నూనెలో చిటపటలాడేదాకా కలుపుతూ ఉండాలి, పావుగంటకు తక్కువ పట్టదు, నీచు వాసన పోయేది ఇక్కడే. అప్పుడు మూడు చెంచాల కారం, వేడినీళ్లు రెండు గ్లాసులు, కుక్కర్ మూత. కారంలో సగం బ్యాడిగి మిరపకాయలది వేస్తే రంగు బాగుంటుంది, మంట నెత్తికెక్కదు. ఉడికాక రెండు చెంచాల దనియాలు, చిన్న చెక్క ముక్క, నాలుగు లవంగాలు, ఒక చెంచా గసాలు, గుప్పెడు ఎండుకొబ్బరి వేయించి నూరిన ముద్ద కలిపి, మూత లేకుండా నూనె తేలేదాకా సన్నమంట మీద ఉంచాలి. ఈ ముద్ద ముందే వేస్తే కుక్కర్ అడుగున మాడుతుంది.

మసాలా ముక్కకు పట్టలేదన్నావు. ఉప్పు ఒక్కటే లోపలికి బాగా దిగుతుంది, కారం, మసాలా చాలావరకు పైనే ఉండిపోతాయి, రాత్రంతా నానబెట్టినా అంతే. అందుకే ఉప్పు ముందే వెయ్, ముక్కలు మరీ పెద్దవి కొట్టించకు. కూర సాయంత్రానికి రుచిగా ఉంటుంది కాబట్టి వీలైతే పొద్దున్నే వండుకో. ఎండాకాలం మాత్రం పొయ్యి మీదే వదిలేయకు, గంటలోపే ఫ్రిజ్‌లోకి పోవాలి.

ప్రశ్న: అక్కా, రూములో ఒక్కణ్ణే ఉంటాను. ఒక స్టవ్, ఒక గిన్నె, కుక్కర్ లేదు. పచ్చి బొప్పాయి రాత్రంతా పట్టించి పెడితే త్వరగా ఉడుకుతుందట, నిజమేనా? చింతపండు ముందే వేస్తే ఉడకదంటారు, అదీ చెప్పండి. – గుంతకల్లు నుంచి ఒక తమ్ముడు

జవాబు: నిజమే కానీ రాత్రంతా వద్దు నాయనా. పచ్చి బొప్పాయిలో పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది మాంసాన్ని మెత్తబరుస్తుంది కానీ లోపలిదాకా పోదు. తెల్లారేసరికి పైన జావ, లోపల అదే రబ్బరు. కేజీకి తొక్కతో నూరిన ముద్ద ఒక పెద్ద చెంచా, ఒక గంట, అంతే. పండిన బొప్పాయితో పని జరగదు.

గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, కుక్కర్‌లో 120 దాకా పోతాయి. నీకు తేడా అదే, కాబట్టి రెండున్నర మూడు గంటలకు సిద్ధపడు. అడుగు మందంగా ఉన్న గిన్నె, బిగుతైన మూత, సన్నమంట. మధ్యలో నీళ్లు తగ్గితే వేడివే పోయాలి, చన్నీళ్లు పోస్తే మళ్లీ మరిగేదాకా ఉత్త గ్యాస్ దండగ. ఇక చింతపండు. ముందే వేస్తే నాకు ముక్క కన్నా ఎర్రగడ్డలే కరగకుండా మొండికేశాయి. పులుపు ఉంటే కూరగాయ, పప్పు తొందరగా మెత్తబడవు. ఒకసారి చుట్టాలొచ్చిన రోజు దాల్చాలో తొందరపడి చింతపండు పోసేశాను, గంట తర్వాత కూడా పప్పు పలుకులు పలుకులుగా నన్నే చూస్తోంది. అంతా ఉడికాకే పులుపు వెయ్.

ప్రశ్న: మా తమ్ముడు సౌదీలో డ్రైవరు. అక్కడ ఫ్రోజెన్ ఇండియా బీఫ్ ప్యాకెట్ దొరుకుతుందట కానీ కూర మన కూరలా రావడం లేదంటాడు. ఇంటి మసాలా పొడి కొట్టి పంపాలనుకుంటున్నాను. – కడప నుంచి ఒక అక్క

జవాబు: పంపండమ్మా, కానీ ఒక్క గసాల గింజ కూడా అందులో ఉండకూడదు. సౌదీలో, యూఏఈలో గసాలు నిషేధం, అవి నల్లమందు తీసే మొక్కవే కదా, మత్తుమందు కింద కేసు పెడతారు. గసాలు నూరిన మిక్సీ జారు కూడా కడిగాకే పొడి కొట్టండి, పులుసు చిక్కదనానికి అక్కడే చెనక్కాయ గింజలు వేయించి నూరుకోమనండి.

కూర మనలా రాకపోవడానికి కారణం మసాలా ఒక్కటే కాదు. మన దేశం నుంచి ఎనుము మాంసం ఎముకలు తీసేసే ఎగుమతి అవుతుంది. బొక్క లేకపోతే పులుసుకు ఆ జిగురు, బలం రావు. అక్కడి అంగట్లో ఏ బొక్కలు దొరికినా నాలుగు కొని వేయమని చెప్పండి. ప్యాకెట్ ముందురోజు రాత్రే ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టాలి, పొద్దున్నే వేడినీళ్లలో ముంచకూడదు. పొడిలో ఎండుకొబ్బరి కూడా వేయొద్దు, నెల తిరిగేసరికి పాతనూనె వాసన కొడుతుంది. దనియాలు, చెక్క, లవంగాలు, మిరియాలు, కాస్త రాతిపువ్వు విడివిడిగా వేయించి, పూర్తిగా చల్లారాక కొట్టి పంపండి.