గోష్ఠికి ఆ ఒత్తు ఎందుకు?

సందేహం: మా ఊళ్ళో నెలకో ఆదివారం బడి ఆవరణలో కూడి చదువుల గురించి మాట్లాడుకుంటాం. పదో తరగతి పిల్లల ఫీజులకూ పుస్తకాలకూ తలా కొంత వేసుకుంటాం. కరపత్రంలో 'విద్యా గోష్టి నిర్వహించబడును' అని వేయిస్తే ఒకాయన 'గోష్ఠి' అన్నారు, ఇంకొకాయన అసలు 'సదస్సు' అనాలన్నారు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయిని, హనుమకొండ జిల్లా

సమాధానం: అమ్మా, ఒత్తు సంగతి ముందు తేల్చేద్దాం. 'గోష్ఠి' అనే రాయాలి. నిలవడమనే అర్థమున్న 'స్థా' ధాతువులోని థకారమే ఇక్కడ ఠకారమైంది. నిష్ఠ, ప్రతిష్ఠ, యుధిష్ఠిరుడు అంతా ఆ వరసే. ఇష్టం, కష్టం వేరు, అక్కడ ఉన్నది టకారమే. ఈమధ్య పత్రికల్లోనూ పెళ్ళిపత్రికల్లోనూ 'ప్రతిష్ట', 'నిష్ట' అని చూస్తుంటే మనసు చివుక్కుమంటుంది. ఒక్క ఒత్తు పోతే మాట పుట్టుకే మరుగున పడుతుంది.

గోవులు నిలిచే చోటు గోష్ఠం. మా చిన్నప్పుడు పొద్దున్నే ఇంటింటి నుంచీ ఆవులను విడిస్తే ఊరవతల చింతచెట్టు కింద మంద కూడేది. అన్నీ వచ్చేదాకా కాపరి కదిలేవాడు కాదు. తోలుకొచ్చిన పిల్లలూ పెద్దలూ అక్కడే నిలబడి ఎవరి దూడకు పాలు చాలటం లేదో, ఎవరి బావి ఎండిందో చెప్పుకునేవారు. ఆవులు నిలిచే చోట మనుషుల మాటలు కలిశాయి, గోష్ఠి పుట్టింది.

మన బమ్మెర పోతన భాగవతంలో చల్దుల ఘట్టం చదవండి. 'జలజాంతస్థిత కర్ణికం దిరిగిరా సంఘంబులై యున్న రేకుల చందంబున' గోపబాలురు కృష్ణుని చుట్టూ కూర్చున్నారట. తామరపువ్వు నడుమ ఉండే దుద్దు చుట్టూ రేకులున్నట్టు! 'తిరిగిరా' అనే మాటను రెండుసార్లు వాడాడు, చూడండి. ముందు వరస, వెనక వరస అంటూ లేవు. కంచాలు కూడా రాళ్ళూ చిగుళ్ళూ పూలూ ఆకులే. ఎవరికి దొరికింది వారిది. ఆ పద్యంలో గోష్ఠి అనే మాట లేదు, గోష్ఠి మాత్రం ఉంది. ఇప్పుడు 'రౌండ్ టేబుల్ సమావేశం' అని బ్యానర్ కట్టి, వేదిక మీద పదిమందిని ఎదురుగా కూర్చోబెట్టి, కింద ఉన్నవాళ్ళకు మైకే ఇవ్వరు. పేరు పెట్టేముందు కుర్చీలు ఎలా వేశారో ఒకసారి చూసుకోవద్దా?

ఇక సదస్సు. 'సద్' అంటే కూర్చోవడం. పరిషత్తు, ఉపనిషత్తు దాని తోబుట్టువులు. ఉర్దూలో సభకు జల్సా అని పేరు, అరబీలో దాని మూలానికీ కూర్చోవడమనే అర్థం. తెలుగులోకి వచ్చి విందూ వినోదమూ అయింది. గోష్ఠికీ మరో వాడుక ఉంది: వైష్ణవాలయాల్లో ఆళ్వారుల పాశురాలను కలిసి పఠించే బృందమూ గోష్ఠే.

మాట్లాడటం వేరు, మాట్లాడుకోవడం వేరు. సదస్సులో వక్తలు మాట్లాడతారు, గోష్ఠిలో అందరూ మాట్లాడుకుంటారు. మన భాషలో మాట్లాడుకునే చోటు కోసమూ ఒకప్పుడు పాకులాడాల్సి వచ్చింది. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కార సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే తెలుగువాళ్ళ సంఘంగా ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంతకుముందే, 1904లో, మీ హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం వెలసింది. తెలుగులో చదువుకోవడానికీ మాట్లాడుకోవడానికీ ఒక చోటు ఉండాలన్న ఆరాటం అది. మీ ఆదివారాలు ఆ దారిలోవే.

కాబట్టి మీది గోష్ఠి అనే నా మొగ్గు. ఏడాదికోసారి బయటి వక్తలను పిలిచి ప్రసంగాలు పెడితే సదస్సు అన్నా తప్పు పట్టను. ఈ రెంటి మధ్య గట్టు వాడుకలో ఎప్పుడో చెరిగింది. 'నిర్వహించబడును' మాత్రం తీసేయండి. 'కూడుకుంటున్నాం, రండి' అని వేయిస్తే చాలు.