అలుగు (పాంగోలిన్), యాంట్‌ఈటర్ రెండింటికీ పళ్లు లేవు కదా, జంతువుల వర్గీకరణలో వేర్వేరు క్రమాలెందుకు (ఆర్డర్లు)?

మీ చిక్కుకు మూలం ఈ జంతువులన్నిటినీ ఒకే వర్గంగా చూపిన "ఈడెంటేటా" అనే పాత పేరు. అంటే పళ్లు లేనివి. కానీ అందులో చేర్చిన స్లాత్‌కు (చెట్లపై నెమ్మదిగా కదిలే జంతువు), అర్మడిల్లోకు (ఒంటిపై గట్టి కవచం ఉండే జంతువు) పళ్లున్నాయి. జెయింట్ అర్మడిల్లోకైతే 100 దాకా ఉండవచ్చు!

1. నోటిని పక్కన పెట్టండి.

2. వెన్నెముక చూడండి. చాలామంది వదిలేసేది ఇదే. యాంట్‌ఈటర్, స్లాత్, అర్మడిల్లోల నడుము వెన్నుపూసల మధ్య అదనపు కీళ్లుంటాయి. అందుకే ఈ మూడూ కలిసి జెనార్థ్రా అనే పెద్ద వర్గం. అలుగుకు ఆ కీళ్లు లేవు. చీమలు, చెదపురుగులే ఆహారం కావడంతో అలుగు, యాంట్‌ఈటర్ వంశాలు విడివిడిగా పళ్లు కోల్పోయాయి.

3. అలుగును ఫోలిడోటా అనే వేరే క్రమంలో రాయండి. జన్యువుల ప్రకారం దానికి దగ్గరి బంధువులు పిల్లులు, కుక్కలు ఉండే మాంసాహారుల క్రమం. నాకిది ఇప్పటికీ ఆశ్చర్యమే.