మా తాత చూపించిన రాకాసి బొక్క

“డ్రాగన్ కథలకు నిజమైన జంతువులేమైనా ఆధారమా, లేక అంతా కల్పనేనా?” అని ఒకరు అడిగారు. ఆధారం ఉంది. అయితే ఆ కథలు అల్లినవాళ్లు ఆ జంతువులను బతికుండగా చూడలేదు. చచ్చి, మట్టిలో కలిసి, రాయిగా మారిన వాటి ఎముకలను చూశారు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి కథ పుట్టిన చోటే నేను పెరిగాను.

మాది మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా, సిరొంచ తాలూకా. ప్రాణహిత దాటితే తెలంగాణ. మాకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మా తాత మేకలు కాసేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆయన వెంట వాగు దాకా పోయేవాణ్ణి. వానలకు కోసుకుపోయిన ఎర్రమట్టి గట్టులోంచి ఒక పెద్ద రాయి సగం బయటికి పొడుచుకొచ్చి ఉండేది. చిన్నప్పుడు నా ఒళ్లెంత ఉండేదో అంత లావు. ఒక కొస గుండ్రంగా, నున్నగా, అచ్చం మేక తొడ బొక్క (మా వైపు ఎముకను బొక్క అంటాం) కొసన ఉండే గుండులాగా ఉండేది. విరిగిన చోట చూస్తే లోపలంతా సన్నసన్న రంధ్రాలు, ఎండిన జొన్నరొట్టెను తుంచినట్టు. మాంసం తినే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి అది బొక్క అని ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను దాని మీదికి ఎక్కబోతే తాత రెక్క పట్టి గుంజాడు. “కాలు వెట్టకు బిడ్డా, అది రాకాసి బొక్క. ఎన్కట ఈ వాగుల ఉంటుండెనట. తల ఇవతలి ఒడ్డున, తోక అవతలి ఒడ్డున. పశువులను మింగుతుండెనట. పిడుగు వడి సచ్చింది.”

నేను నమ్మలేదు. అప్పుడాయన, “నాలుక అంటియ్యి” అన్నాడు. “ఉత్త రాయైతే జారుతది. ఇదైతే పట్టుకుంటది.” వంగి నాలుక ఆనించాను. నిజంగానే పట్టుకుంది. వెనక్కి లాక్కుంటే చర్మం సాగినట్టయింది, నోట్లోకి మట్టి వాసన వచ్చింది. ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను. ఆ రాత్రి వాగు చప్పుడు వింటూ నిద్రపోలేదు.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, రాళ్లు చదివే శాస్త్రవేత్తలు కూడా ఇదే పని చేస్తారని. శిలాజ ఎముకలో సన్న రంధ్రాలు మిగిలి ఉంటే అవి తడిని పీల్చుకుంటాయి, అందుకే నాలుకకు అతుక్కుంటుంది. బడి గడప తొక్కని మా తాతకు ఆ పరీక్ష ఎవరు నేర్పారో! ఆయనకు వాళ్ల తాత చూపించి ఉంటాడు.

మా నేలలో ఆ బొక్కలు ఉత్తుత్తివి కావు. కోట అనే ఊరు మా తాలూకాలోదే. అక్కడి సున్నపురాయిలో చేపల శిలాజాలు 19వ శతాబ్దంలోనే దొరికాయి. అందుకే ఇక్కడి రాతిపొరలకు శాస్త్రంలో కోట పేరే పెట్టారు. 1960 ప్రాంతంలో ఈ ప్రాణహిత–గోదావరి లోయలోనే పోచంపల్లి దగ్గర (చీరల పోచంపల్లి కాదు, ఇది వేరు) ఒక భారీ డైనోసార్ ఎముకలు గుట్టగా బయటపడ్డాయి. దాని తొడ ఎముక ఒక్కటే సుమారు 1.7 మీటర్లు, అంటే మనిషంత. 1975లో దానికి బారాపాసారస్ టాగోరీ అని పేరు పెట్టారు. బెంగాలీలో బారా పా అంటే పెద్ద కాలు. ఠాగూర్ శతజయంతి సమయంలో తవ్వారు కాబట్టి ఆయన పేరూ చేరింది. అలాంటి కాలు గట్టులోంచి తన్నుకొస్తే చూసినవాడు ఏమనుకుంటాడు? మనం డైనోసార్‌ను తెలుగులో రాక్షసి బల్లి అంటున్నాం కదా, మా తాత మాటకు దీనికి ఎంత దూరం?

మొసలే కథల్లో డ్రాగన్ అయిందని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. గోదావరి ఒడ్డు మనుషులకు మొసలి తెలుసు, దాన్ని మొసలి అనే అంటారు. గజేంద్రుడి కాలు పట్టింది కూడా మొసలే, దానికి రెక్కలూ లేవు, నోట్లో నిప్పూ లేదు. మన గుళ్ల మకర తోరణాల్లో మకరానికి తొండం ఉంటుంది. మొసలిని రోజూ చూసేవాడు దానికి తొండం చెక్కడు. ఇంకొందరు కొమొడో డ్రాగన్ అంటున్నారు. ఇండోనేషియా దీవుల్లోని ఆ బల్లి గురించి బయటి శాస్త్రలోకానికి తెలిసిందే 1910 తర్వాత. యూరప్ వాళ్ల డ్రాగన్ కథలు అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందువి. పేరు కథలోంచి బల్లికి వచ్చింది, బల్లిలోంచి కథ రాలేదు.

ఎముకలోంచి కథ వచ్చిందనడానికి మాత్రం ఆనవాళ్లు కళ్ల ముందే ఉన్నాయి. ఆస్ట్రియాలో క్లాగెన్‌ఫర్ట్ అనే ఊళ్లో 16వ శతాబ్దం నాటి డ్రాగన్ విగ్రహం ఉంది. అంతకుముందు ఎప్పుడో అక్కడ దొరికిన పుర్రెను ఊరివాళ్లు డ్రాగన్‌ది అనుకున్నారు, శిల్పి దాన్ని చూసే తల చెక్కాడు. తీరా అది మంచుయుగం నాటి ఉన్ని ఖడ్గమృగం పుర్రె. చైనాలో శిలాజాలను డ్రాగన్ ఎముకలని పిలిచి, నూరి మందుల్లో వాడేవారు. 1935లో హాంకాంగ్‌లో ఒక మందుల అంగడిలో అలా అమ్మకానికి పెట్టిన పన్ను చూసే, జైగాంటోపిథెకస్ అనే భారీ కోతి ఒకప్పుడు ఉండేదని శాస్త్రవేత్త కోనిగ్స్‌వాల్డ్ కనిపెట్టాడు.

2024లో కచ్‌లోని బొగ్గు గని నుంచి తీసిన మహాసర్పం ఎముకలకు వాసుకి ఇండికస్ అని పేరు పెట్టారు కదా, పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉండొచ్చని లెక్క. వెంటనే మన టీవీల్లో “పురాణాల వాసుకి దొరికింది” అని అరిచారు. అది 4.7 కోట్ల ఏళ్ల నాటిది, అప్పుడు మనిషే లేడు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అరవడానికి తీరిక ఉంటుంది గానీ ఒక్క చానల్ కూడా మా సిరొంచ దాకా వచ్చి ఆ ఎర్రమట్టి గట్లు చూపించదు. వడదం దగ్గర శిలాజాల పార్కు ఉందని మా జిల్లాలోనే సగం మందికి తెలియదు. రాయైన చెట్టు మొద్దులు అక్కడ ఎండకు ఎండుతుంటే, వచ్చినవాళ్లు ముక్కలు జేబులో వేసుకుపోతారు. వద్దంటే “రాయే కదా” అంటారు. తాత నన్ను కాలు కూడా పెట్టనివ్వలేదు. రాకాసి అనే భయం ఆ బొక్కను అన్నేళ్లు కాపాడింది, ఆ మాట పోయాక కాపాడేవాళ్లు కరువయ్యారు.

నేను చూసిన ఆ రాయి ఇప్పుడు లేదు. ఒక వానాకాలం గట్టు కూలింది. వాగులోనే ఎక్కడో ఉండాలి.

నాలుగేళ్ల కింద మా బాపును (నాన్నను) కంటి ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకుపోయాను. పట్టీ తీసిన మూడో రోజు బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లాం. అక్కడ మా నది దగ్గరే దొరికిన డైనోసార్ ఎముకలు నిలబెట్టి ఉన్నాయి. బాపు చెప్పులు బయటే విప్పాడు, నేను వద్దనలేదు. నల్లద్దాలు తీసి తల నుంచి తోక దాకా మెల్లగా నడిచాడు. తొడ ఎముక దగ్గర ఆగి, ఆ గుండు కొసను చాలాసేపు చూశాడు.

“దీని పేరేంది?”

“కోటాసారస్.”

“కోట అంటే, మన కోటనా?”

“మన కోటనే బాపూ.”

“తల ఇవతల, తోక అవతల,” అన్నాడు. మళ్లీ మొదటి నుంచి నడవడం మొదలుపెట్టాడు.