సమాధానం: లాక్టేజ్ ఉదాహరణ రాసినా "కలపలేదు" అన్నారంటే

జీవశాస్త్రం, సంస్కృతి ఒకదాన్నొకటి ఎలా మారుస్తాయన్న ప్రశ్నకు మీరు లాక్టేజ్ (పాలను అరిగించే ఎంజైమ్) ఉదాహరణతో రాసిన జవాబులో ఒక పేరా జీవశాస్త్రం, ఒక పేరా సంస్కృతి ఉన్నాయి. ఒకటి రెండోదాన్ని ఎలా మార్చిందో మాత్రం లేదు. మీ సార్ "పక్కపక్కన పెట్టావు, కలపలేదు" అని రాసింది అందుకే. ఉదాహరణ మంచిదే, వరస మార్చండి.

1. మామూలు స్థితితో మొదలుపెట్టండి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ క్షీరదాల్లో, చాలామంది మనుషుల్లో కూడా, బాల్యం దాటాక తగ్గిపోతుంది.

2. తర్వాత అలవాటు. వాయవ్య అనటోలియాలో (నేటి టర్కీ) క్రీ.పూ. 7వ సహస్రాబ్ది నాటి కుండపెంకుల్లో పాలకొవ్వు ఆనవాళ్లు దొరికాయి.

3. అందరూ దాటేసేది ఇదే: పాలు పితికే అలవాటు ఉండబట్టే, పెద్దయ్యాక కూడా పాలు అరగడం లాభమైంది. పాడి లేని చోట, పెద్దయ్యాక కూడా లాక్టేజ్ తగ్గకుండా ఉంచే జన్యుమార్పు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అంటే ఎంపిక ఒత్తిడిని (ఒక గుణం ఉన్నవాళ్లకే మేలు జరిగి అది తరతరాలకు పెరిగే పరిస్థితిని) పుట్టించింది సంస్కృతి. దీన్ని విడి వాక్యంగా రాయండి. రుజువులు రెండు: యూరప్‌లో పాల వాడకం మొదలైన వేల ఏళ్లకు గాని ఆ మార్పు బాగా వ్యాపించలేదు, తూర్పు ఆఫ్రికా పశుపోషకుల్లో అదే గుణం వేరే జన్యుమార్పులతో విడిగా వచ్చింది.

4. ఎదురు ఉదాహరణ ఒకటి పెట్టండి, మార్కులు అక్కడే. మంగోలియా పశుపోషకుల ఆహారంలో పాలపదార్థాలు ఎక్కువ, అయినా చాలామందిలో పెద్దయ్యాక పాలు అరిగే ఈ గుణం లేదు. వాళ్లు పాలను పులియబెడతారు. లాక్టోజ్‌లో కొంత సూక్ష్మజీవులే తినేస్తాయి. (మన పెరుగులో జరిగేదీ అదే.) ఇక్కడ సంస్కృతి ఒత్తిడిని తగ్గించింది.

"జన్యు-సంస్కృతి సహపరిణామం" (జన్యువులు, సంస్కృతి ఒకదాన్నొకటి మార్చుకుంటూ సాగడం) అన్న మాట 3 తర్వాతే వాడండి, మొదటి వాక్యంలో వద్దు.